సంవత్సరీకం రొట్టె

"నువ్వు ముట్టుకోకు లంబ్రినీ, నేను చూసుకుంటాను."

అత్తగారు పొలిక్సేనీ ఈ మాట ఎప్పుడూ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే లంబ్రినీ కూడా ఒకటో రెండో మాటలు ఎదురు చెప్పి, కాసేపు ఏడ్చి, మర్చిపోయి ఉండేది. కాలుతున్న గిన్నె దగ్గరికి వెళ్ళే పసిపిల్లతో అన్నట్టు మెత్తగా అనేది ఆవిడ. ఆ మెత్తదనం వల్లనే అది ఇరవై ఏళ్ళలో లంబ్రినీ లోపలికి దిగిపోయింది. చివరికి అత్తగారు అనకముందే "నేను ముట్టుకోనులే అత్తయ్యా" అని తనే పక్కకు జరగడం అలవాటైపోయింది.

ముట్టుకోకూడనిది బంగారమూ కాదు, పాముల బుట్టా కాదు. గోధుమపిండి. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఊరంతటికీ రొట్టెల పిండి కలిపేది లంబ్రినీయే. వెర్మియో కొండ కింద పీచ్ పళ్ళ తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో వాళ్ళదొక్కటే రొట్టెల దుకాణం. బోర్డు మీద ఉన్నది మొగుడు స్టెర్గియోస్ పేరు. కొనడానికి వచ్చినవాళ్ళు రొట్టె నొక్కి చూసి, "నీ చేతిలో ఏదో ఉందయ్యా స్టెర్గియోస్" అంటారు. అతను గల్లాపెట్టె వెనక కూర్చుని మీసం సవరించుకుంటాడు. వెనక గదిలో మోచేతుల దాకా పిండితో నిలబడ్డ లంబ్రినీకి ఆ మాట వినిపిస్తుంది. ఒకసారి జీతం మాట ఎత్తితే, "మన షాపులో నీకు జీతమేమిటి, నీకు నువ్వే ఇచ్చుకుంటావా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు తను కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత చాలాసేపు ఆలోచించింది కానీ తేలలేదు.

ఊరికి చేసే రొట్టె వేరు, చర్చికి చేసే రొట్టె వేరు. చర్చి రొట్టె దుకాణంలో మిషను మీద కలిపేది కాదు. ఇంట్లో, దీపం వెలిగించి, సాంబ్రాణి వేసి, చేత్తో పిసికి, పైన చెక్క ముద్ర ఒత్తి కాల్చాలి. ఆ ముద్రలో యేసుక్రీస్తు జయించాడని నాలుగు ముక్కల్లో అక్షరాలుంటాయి. ఆదివారం ఫాదర్ అనెస్తిస్ ఆ ముక్కనే కోసి ప్రభు భోజనానికి బల్ల మీద పెడతాడు. అందుకని అది పగలకూడదు, ఉబ్బకూడదు, అక్షరం చెదరకూడదు. పెళ్ళయిన మొదటి ఏడు, మామగారి సంవత్సరీకానికి ఆ రొట్టె చేసే పని కొత్త కోడలికి అప్పజెప్పారు. మామగారు అపొస్తోలిస్ అప్పటికి పోయి ఏడేళ్ళు, ఆయన్ని ఆమె ఫొటోలో చూడటమే. భయంతోనూ ఉత్సాహంతోనూ చేసింది. పొయ్యిలోంచి తీసేసరికి ముద్ర నడిమికి పగిలి, లోపలి పిండి నాలుకలా బయటికి వచ్చింది. అత్తగారు ఒక్క మాట అనకుండా ఆ రొట్టె తీసుకెళ్ళి కోళ్ళకు వేసింది. ఆడపడుచు ఫొతినీ మాత్రం ఊరుకోలేదు. "మా వదిన హస్తవాసి చూశారా" అని నలుగురి ముందూ నవ్వింది.

ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. కేకు అడుగంటితే హస్తవాసి, పెరట్లో టమాటా నారు చస్తే హస్తవాసి. తర్వాత రెండేళ్ళు కడుపు నిలవనప్పుడు ఎవరూ పైకి అనలేదు గానీ, అందరూ ఆమె చేతుల వంక చూసినట్టే అనిపించేది. కొడుకు పుట్టి, పెరిగి, చదువుకోడానికి పట్నం వెళ్ళాక కూడా ఆ చూపు ఆమెను వదల్లేదు. ఎందుకంటే అప్పటికి అది వాళ్ళ చూపు కాదు, తనదే. ఏ పని మొదలుపెట్టినా, ఇది చెడిపోతుందేమో అని ముందు తన చేతులకేసి తనే చూసుకునేది. చర్చిలో కూడా అంతే. వెనక వరసలో స్తంభం పక్కన నిలబడి మొగుడి కోసం, కొడుకు కోసం, అత్తగారి కీళ్ళ నొప్పుల కోసం, ఆఖరికి ఫొతినీ ప్రమోషన్ కోసం కూడా ప్రార్థించేది. తన కోసం అడగబోయేసరికి నోరు రాదు. అడిగితే దేవుడు కూడా మెత్తగా, "నువ్వు ముట్టుకోకు లంబ్రినీ" అంటాడేమోనని లోపల భయం. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు కనుక ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు సంవత్సరీకం వారంలోకి వచ్చిందనగా పొలిక్సేనీ పెరటి మెట్ల మీద జారిపడింది. నడుం పట్టేసింది, కుడి మణికట్టు విరిగింది. కట్టు వేసి పంపారు. ఆవిడ నొప్పి గురించి ఏడవలేదు, రొట్టె గురించి ఏడ్చింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే పంచాయితీ. ఫొతినీ తన వేళ్ళు చాపి చూపించింది. మొన్ననే డబ్బులు పోసి గోళ్ళు పెట్టించుకుందట, పిండిలో పెడితే ఊడిపోతాయట. స్టెర్గియోస్ పక్క ఊరి దుకాణంలో కొనుక్కొస్తానన్నాడు.

"మీ నాన్నకి కొన్న రొట్టా?" అంది పొలిక్సేనీ. "బతికున్నన్నాళ్ళూ ఊరికి రొట్టె పెట్టిన మనిషికి, చచ్చాక అంగట్లో రొట్టె కొని తెస్తావా నాయనా?"

అందరూ చారు తాగడంలో మునిగిపోయారు. లంబ్రినీ అందరికీ రెండోసారి వడ్డించడానికి లేచింది. లేచినదల్లా గరిట పట్టుకుని అక్కడే నిలబడి, "నేను చేస్తాను" అంది.

ఫొతినీ మూతి బిగించి నవ్వు ఆపుకుంది. స్టెర్గియోస్, "నీకెందుకే లేనిపోనిది, మళ్ళీ పగిలితే ఊళ్ళో నా పరువు పోతుంది, రొట్టెల వాడి ఇంట్లోనే రొట్టె రాలేదంటారు" అన్నాడు. ఊళ్ళో అతని పరువు నిలబెడుతున్న రొట్టెలు ఎవరివో గుర్తు చెయ్యాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆమె చూస్తున్నది అత్తగారి వైపు. పొలిక్సేనీ ముఖంలో వెక్కిరింత లేదు. ఏదో భయం ఉంది. కోడలి చేతుల్ని చాలాసేపు చూసి, "వేరే దారి లేదుగా" అని మాత్రం అంది.

శనివారం మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి స్నానం చేసింది. తల చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుంది. మరియమ్మ పటం ముందు దీపం వెలిగించి, సిలువ పండుగనాడు చర్చిలో ఇచ్చిన తులసి రెమ్మతో పులియబెట్టి దాచిన పాత పిండి ముద్ద తీసింది. పిండి జల్లించింది. పొలిక్సేనీ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. నీళ్ళు ఎక్కువయ్యాయి, ఉప్పు చాలదు, ముంజేయితో కాదు అరచేత్తో పిసుకు, అని ఒకటే సణుగుడు. లంబ్రినీ ఆ మాటల కింద తన మాట తను అనుకుంటూ పిసకసాగింది. ప్రభువైన యేసూ, నన్ను కరుణించు. ఒక్కో ఒత్తుకు ఒక్కసారి. కాసేపటికి అత్తగారి మాటలు వాననీటి చప్పుడులా దూరమయ్యాయి, చేతులకింద పిండి నున్నగా, బిగువుగా, ప్రాణం ఉన్నదానిలా తిరగసాగింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమెకు తన చేతులంటే ముచ్చటేసింది.

సరిగ్గా అప్పుడే పొత్తికడుపులో తెలిసిన నొప్పి. చేతులు కడుక్కుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చూసుకుంది. రెండు నెలలుగా రాని నెలసరి. ఇక ఆగిపోయినట్టే అనుకున్న నెలసరి ఇవాళే, ఈ గంటలోనే వచ్చింది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు పటాలకు ముద్దు పెట్టరు, ప్రభు భోజనం తీసుకోరు, చర్చి రొట్టె పిండి జోలికి అసలే పోరు. ఇది ఏ ఫాదరూ ప్రసంగంలో చెప్పగా లంబ్రినీ వినలేదు. తల్లి కూతురికి, అత్త కోడలికి చెవిలో చెప్పుకునే చట్టం అది. చెవిలో చెప్పింది గనుక ఎవరితోనూ వాదించడానికి ఉండదు. ఆమె తొట్టి అంచు మీద కూర్చుంది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చూశావా, దేవుడే వద్దన్నాడు, అంది లోపల ఒక గొంతు. ఆ గొంతు అచ్చం ఫొతినీలా ఉంది, మెత్తదనం మాత్రం అత్తగారిది. బయటికి వెళ్ళి రాదులెండి అత్తయ్యా, నావల్ల కాలేదు అంటే సరిపోతుంది. స్టెర్గియోస్ పక్క ఊరు వెళ్ళొస్తాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఎవరికీ కోపం కూడా రాదు. అందరికన్నా ఎక్కువగా తనకే హాయి, ఎందుకంటే ఓడిపోవడం తనకు అలవాటైన పని.

అలా కూర్చుని ఉండగా, ఏటా శరదృతువులో ఒక ఆదివారం చర్చిలో చదివే సువార్త భాగం గుర్తొచ్చింది. పన్నెండేళ్ళుగా రక్తస్రావం ఆగని ఒక స్త్రీ, ఎవరికీ కనబడకుండా గుంపులో వెనక నుంచి వచ్చి ప్రభువు వస్త్రపు అంచు ముట్టుకుంటుంది. ఆ స్థితిలో ఆమె ఎవరినీ ముట్టుకోకూడదు, ఆయన్నయితే మరీను. ఆయన వెనక్కి తిరిగి ఎవరు ముట్టుకున్నారని అడుగుతాడు. వణికిపోతూ ఒప్పుకుంటే, తిట్టడు. కూతురా అని పిలిచి, నీ విశ్వాసమే నిన్ను బాగుచేసింది, నెమ్మదిగా వెళ్ళిరా అంటాడు. లంబ్రినీ ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటోంది, స్తంభం పక్కన నిలబడి. అది ఎవరో పాతకాలపు రోగి కథ అనుకుంది. వెనక వరస నుంచి వచ్చిన మనిషి కథ అని ఇవాళ్టిదాకా తట్టలేదు. ఇంకొకటి కూడా తట్టింది. దేవుని రాజ్యం ఎలాంటిదో చెప్పడానికి ప్రభువు ఒకసారి రాజుల్నీ సైన్యాల్నీ వదిలేసి, పిండిలో పులిపిండి కలిపే ఆడమనిషిని చూపించాడు. ఆమె హస్తవాసి ఎలాంటిదని గానీ, ఆవేళ ఆమెకు నెలలో ఎన్నో రోజని గానీ ఆయన అడగలేదు.

"నా కోసం ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు" అంది లంబ్రినీ, గోడకున్న తువ్వాళ్ళ వంక చూస్తూ. "ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను ముట్టుకోనివ్వు." ప్రార్థనకు అది పద్ధతైన చోటు కాదని తెలుసు. అయినా ఎవరో విన్నట్టే ఉంది, గుండె కుదురుకుంది. శుభ్రం చేసుకుని, బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వంటింట్లోకి వచ్చింది.

"ఇంతసేపు ఏం చేస్తున్నావ్?" అంది పొలిక్సేనీ.

"ప్రార్థన చేసుకున్నాను అత్తయ్యా."

పిండిని రెండు బిళ్ళలు చేసి, మధ్య తడి అద్ది, ఒకదాని మీద ఒకటి పెట్టింది. చెక్క ముద్ర పిండిలో అద్ది నిటారుగా ఒత్తి తీసింది, అక్షరాలు లేచాయి. చుట్టూ పుల్లతో పొడిచి గాలి పోవడానికి దారులు చేసింది. అయితే ఆమె మనసులో ఉడుకు ఇంకా తగ్గలేదేమో, రొట్టె పూర్తిగా పొంగేదాకా ఆగలేక కాస్త ముందుగానే పొయ్యిలో పెట్టేసింది. తీసి చూస్తే పైన ముద్ర అచ్చంగా పడింది. పక్కన మాత్రం, రెండు బిళ్ళలూ అతికిన చోట, చిటికెన వేలంత పగులు.

పొలిక్సేనీ కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. "పగిలింది" అంది. గొంతులో గెలుపు లేదు, వణుకు ఉంది. అప్పుడే వచ్చిన స్టెర్గియోస్ తొంగిచూసి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఆడించి, కారు తాళాలు తీశాడు. నెలసరి వల్లే, అంది లంబ్రినీ లోపల ఆ గొంతు మళ్ళీ. కానీ ఇరవై ఏళ్ళుగా రోజూ పిండి చూస్తున్న మనిషి ఆమె. దుకాణంలో ఇలాంటి పగుళ్ళు ఎన్ని చూడలేదు? పొంగకముందు పెడితే పగులుతుంది. అంతే సంగతి, ఇందులో దెయ్యమూ లేదు దేవుడి కోపమూ లేదు. ఇది ఆమెకు తెలిసిన విషయమే, నమ్మడమే కొత్త.

"తాళాలు పెట్టెయ్" అంది మొగుడితో. "ఇదే తీసుకెళ్తున్నాను."

"పగిలినదా? అందరి ముందూనా?"

"నేను చేసింది. నేనే ఇస్తాను."

ఆమె అలా మాట్లాడటం అతనికి కొత్త. తాళాలు జేబులో వేసుకుని, తాగడానికి కాఫీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఉంది, పెట్టుకో, అని చెప్పి ఆమె రొట్టెను తెల్లగుడ్డలో చుట్టి బయలుదేరింది.

సాయంకాలపు ప్రార్థన ఇంకా మొదలవలేదు. ఫాదర్ అనెస్తిస్ చర్చి పక్క గదిలో కొవ్వొత్తుల పెట్టె సర్దుతున్నాడు. లంబ్రినీ రొట్టె బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది.

"ఫాదర్, మామగారి సంవత్సరీకం రొట్టె. నేను చేశాను. పక్కన పగులుంది, చూడండి. ఇంకో సంగతి, నాకు నెలసరి. పిండి కలుపుతుండగా వచ్చింది, అయినా పూర్తి చేశాను. చెయ్యొచ్చా అని అడగడానికి రాలేదు, దాచి ఇవ్వడం ఇష్టం లేక చెబుతున్నాను."

ఫాదర్ అనెస్తిస్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళ చర్చిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు, ఆయనా పెళ్ళాం పిల్లలున్న మనిషే, అయినా ఈ మాట ఇంత తిన్నగా ఆయనతో ఎవరూ అని ఉండరు. గడ్డం గోక్కున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, రొట్టెను దీపం దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. ముద్ర మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమాడు.

"అక్షరాలు బాగా లేచాయి" అన్నాడు. "రేపు మూడు సంవత్సరీకాలున్నాయి, జనం ఎక్కువ. ఇంకోటి ఉందా?"

ఆదివారం లంబ్రినీ స్తంభం పక్కన కాకుండా ఇంకొంచెం ముందుకు నిలబడింది. ఎవరూ గమనించలేదు. అపొస్తోలిస్ పేరు చదివినప్పుడు, ఎన్నడూ చూడని ఆ మనిషి మీద ఆమెకు దగ్గరితనం కలిగింది. ఆరాధన అయ్యాక అందరికీ పంచే ముక్కల్లో రెండు రుమాల్లో చుట్టుకుని ఇంటికొచ్చింది.

పొలిక్సేనీ రేడియోలో ఆరాధన విని, ఏమీ తినకుండా కిటికీ దగ్గర నల్లబట్టల్లో కూర్చుని ఉంది. ఎడం చేత్తో సిలువ గుర్తు వేసుకోలేక తంటాలు పడి, ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"మెత్తగా ఉంది" అంది. ఇంకాసేపటికి, "పగిలినా మెత్తగా ఉంది. నా చెయ్యి ఇక పనికిరాదు. ఇక నుంచి నువ్వే చెయ్యి లంబ్రినీ. ఆ రోజుల్లో మాత్రం వద్దు, నీకు తెలుసుగా."

ఇరవై ఏళ్ళుగా ఈ మాట కోసమే ఎదురుచూసింది ఆమె. సరే అత్తయ్యా అంటే చాలు, హస్తవాసి మాట ఈ ఇంట్లో మళ్ళీ వినబడదు. కానీ అలా అంటే ఆ రొట్టె మళ్ళీ దొంగచాటున ముట్టుకున్నట్టే అవుతుందనిపించింది.

"నిన్న నాకు నెలసరి అత్తయ్యా" అంది. "మీ ఎదురుగానే చేశాను."

పొలిక్సేనీ నమలడం ఆపింది. లంబ్రినీ తిట్లకు సిద్ధపడింది. చేతులు వెనక్కి దాచుకోకుండా ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"నాకూ వచ్చింది ఒకసారి" అంది పొలిక్సేనీ, కిటికీ వంక చూస్తూ. "ఆ శనివారం రొట్టె చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎవరికీ చెప్పకుండా చేసి పంపాను. అద్దంలా వచ్చింది, ఒక్క పగులు లేదు. సోమవారం పొద్దున మీ మామయ్య పొయ్యి దగ్గర కూలిపోయాడు." ఆవిడ కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది. "ఆ తర్వాత నువ్వు వచ్చావు. మొదటి రొట్టే పగిలింది, నా పాపం నీ చేతికి అంటిందనుకున్నాను. అప్పట్నుంచి నువ్వు చర్చి పిండిలో చెయ్యి పెట్టబోతే నాకు స్టెర్గియోస్ కూలిపోతున్నట్టు కనిపించేది. అందుకే వద్దనేదాన్ని. హస్తవాసి బాగాలేనిది నాది అనుకున్నానే తల్లీ, నీది కాదు."

లంబ్రినీకి ఇన్నేళ్ళ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"మామయ్యది గుండె జబ్బు అత్తయ్యా. డాక్టరు ముందే చెప్పాడని మీరే అంటారుగా."

"చెప్పాడు. చెబితే మాత్రం నమ్మకం కుదరాలిగా." పొలిక్సేనీ ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగింది. "ఫాదర్‌కి తెలుసా?"

"నేనే చెప్పాను."

"ఆయనకా? నోటితోనా?"

"నోటితోనే."

"ఏమన్నాడు?"

"రొట్టె తిప్పి చూసి, ఇంకోటి ఉందా అన్నాడు."

పొలిక్సేనీ కోడలి ముఖంలోకి చూసింది. ఆవిడ పెదవులు నవ్వబోయి, నవ్వలేక వంకర తిరిగాయి. కళ్ళ నీళ్ళు నల్ల జాకెట్టు మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"అంతేనా?" అంది. "ఇన్నేళ్ళూ... అడిగి ఉంటే, అంతేనా?"